నిలకడ లేని జట్టుకు గెలుపెక్కడిది?

ఢిల్లీ క్రికెట్ జట్టు ఓడిపోతే రాజాంలో ఎందుకు బాధపడాలి? బయటివాళ్ళకు ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. జవాబు 2008 జనవరిలో ఉంది. ఇండియన్ ప్రీమియర్ లీగ్ మొదలవడానికి ముందు ఎనిమిది నగరాల జట్లను వేలం వేసినప్పుడు ఢిల్లీ జట్టును 8 కోట్ల 40 లక్షల డాలర్లకు దక్కించుకున్నది జీఎంఆర్ సంస్థ. దాని అధిపతి గ్రంధి మల్లికార్జునరావు పుట్టింది రాజాంలో. జనపనార మిల్లుతో వ్యాపారంలో అడుగుపెట్టిందీ ఇక్కడే. ఆ సంస్థ పేరుతో ఊళ్ళో ఆసుపత్రి ఉంది, 1997 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ నడుస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కున్న ఆదరణ ఢిల్లీకి లేకపోవచ్చు గానీ, మన ఊరి మనిషి జట్టు అన్న మమకారం వేరు. పైగా ఆ జట్టు మన పక్కకే వచ్చి ఆడింది కూడా. 2019 మే నెలలో ఢిల్లీ ఆడిన రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లూ విశాఖపట్నంలోనే జరిగాయి. 2024లో రెండు, 2025లో రెండు సొంత మ్యాచ్‌లకు అది విశాఖనే వేదికగా ఎంచుకుంది. రాజాం నుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఇంత దగ్గరి బంధం ఉన్నప్పుడు ఓటమి కూడా దగ్గరిదే అవుతుంది.

ఆ ఓటముల లెక్క చిన్నది కాదు. 2008 నుంచి 2025 వరకు పద్దెనిమిది సీజన్లు జరిగాయి. వాటిలో 2011, 2013, 2014, 2018 సంవత్సరాల్లో ఢిల్లీది పాయింట్ల పట్టికలో అట్టడుగు స్థానం. 2013లో పదహారు మ్యాచ్‌లాడి మూడు గెలిచింది. 2014లో పద్నాలుగింటిలో రెండే. 2017లో వారం తిరక్కుండా ఒకసారి 67 పరుగులకు, ఇంకోసారి 66 పరుగులకు కుప్పకూలింది. ఫైనల్ చేరింది ఒకే ఒక్కసారి, 2020లో. అప్పుడూ ముంబయి చేతిలో ఓడింది. 2018 డిసెంబరులో డేర్‌డెవిల్స్ అన్న పేరు తీసేసి క్యాపిటల్స్ అని పెట్టుకుంది. 2025లో బెంగళూరు మొదటిసారి కప్పు గెలవడంతో, మొదటి ఎనిమిది నగరాల్లో ఆ ఏటికి కప్పు లేనివి ఢిల్లీ, పంజాబ్ రెండే మిగిలాయి. అభిమాని విసుగుకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ విసుగు ఎవరి మీదికి పోతోంది, పోవలసింది ఎటు అన్నదే ఆలోచించాల్సిన సంగతి.

సాధారణంగా అభిమాని కోపం ఆ రోజు బరిలోకి దిగిన పదకొండు మంది మీదికి పోతుంది. ఫలానావాణ్ణి ఎందుకు ఆడించారు, ఫలానావాణ్ణి ఎందుకు కూర్చోబెట్టారు, పందొమ్మిదో ఓవరు అతని చేతికెందుకు ఇచ్చారు అన్నవే ప్రశ్నలు. మర్నాటికి నలుగుర్ని పీకేయమన్న డిమాండు సిద్ధంగా ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. ఆటను శ్రద్ధగా చూసేవాడికి వచ్చే కోపం అది. కానీ ఢిల్లీ పద్దెనిమిదేళ్ళ చరిత్రను వరుసగా పెట్టి చూస్తే, ఆ జట్టును ముంచింది ఒక రోజు తప్పుడు ఎంపిక కాదని తెలుస్తుంది. కుదురుకుంటున్న జట్టును మళ్ళీ మళ్ళీ చెదరగొట్టడమే దాని అసలు జబ్బు. మార్చండి, మార్చండి అని అభిమాని అరిచినప్పుడు అతను తెలియకుండానే ఆ జబ్బునే మందుగా అడుగుతున్నాడు.

కూర్పు అంటే ఏమిటి?

ఇరవై ఓవర్ల ఆటలో జట్టు కూర్పు ఎంత చిక్కు పనో ముందు చూద్దాం. ఒక బౌలరు నాలుగు ఓవర్లకు మించి వెయ్యకూడదు కాబట్టి కనీసం అయిదుగురు బౌలర్లు కావాలి. మొదట దింపే పదకొండు మందిలో విదేశీయులు నలుగురిని మించకూడదు. మొదటి ఆరు ఓవర్లు పవర్‌ప్లే. అప్పుడు ముప్ఫై గజాల వలయం బయట ఇద్దరు ఫీల్డర్లే ఉంటారు, కాబట్టి ఓపెనర్లు ధైర్యంగా కొట్టాలి. ఏడో ఓవరు నుంచి పదిహేనో ఓవరు దాకా స్పిన్నర్లను ఆడగలిగినవాళ్ళు కావాలి. చివరి అయిదు ఓవర్లకు వచ్చిన మొదటి బంతినే స్టాండ్‌లోకి పంపగలవాళ్ళు కావాలి. బౌలింగ్‌లోనూ ఇంతే. కొత్త బంతితో వికెట్ తీసేవాడు ఒకడు, మధ్యలో పరుగులు కట్టేసేవాడు ఒకడు, చివర్లో యార్కర్లు, నెమ్మది బంతులు వెయ్యగలవాడు ఒకడు. 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక మ్యాచ్ మధ్యలో ఒకరిని తప్పించి మరొకరిని తెచ్చుకునే వీలు దొరికింది గానీ, ఎవరి పని ఏదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఈ పనులు కాగితం మీద పంచుకుంటే సరిపోవు. నాలుగో స్థానంలో ఆడేవాడికి తాను ఏ ఓవర్లో, ఎలాంటి పరిస్థితిలో దిగుతాడో ముందే తెలియాలి. దాన్నిబట్టే అతను నెట్స్‌లో సాధన చేస్తాడు. రెండో వైపు నుంచి ఎవరు బంతి వేస్తున్నారో తెలిస్తేనే బౌలరు తన వైపు నుంచి ఏం చెయ్యాలో నిర్ణయించుకోగలడు. పరుగు కోసం పిలిస్తే అవతలివాడు వస్తాడా రాడా అన్న నమ్మకం కూడా కలిసి ఆడితేనే కుదురుతుంది. 2025 ఏప్రిల్ 13న ఢిల్లీలో ముంబయి మీద 206 పరుగుల ఛేదనలో ఢిల్లీ వరసగా మూడు బంతులకు మూడు రనౌట్లై 193 దగ్గర ఆగిపోయింది. ఆ సాయంత్రం కరుణ్ నాయర్ ఇంపాక్ట్ ప్లేయర్‌గా వచ్చి 40 బంతుల్లో 89 పరుగులు కొట్టాడు. మ్యాచ్‌లో అందరికన్నా గొప్ప ఇన్నింగ్స్ ఢిల్లీదే, ఓటమీ ఢిల్లీదే.

చెదిరిన ప్రతిసారీ కిందికే

ఇప్పుడు చరిత్ర చూద్దాం. 2008లో ఢిల్లీ దగ్గర సెహ్వాగ్, గంభీర్, ధావన్, దిల్షాన్, డివిలియర్స్, మెక్‌గ్రాత్ ఉన్నారు. ఆ ఏడు సెమీఫైనల్ చేరింది. 2009లో లీగ్ దశలో అన్ని జట్లకన్నా పైన నిలిచింది. సెంచూరియన్‌లో జరిగిన సెమీఫైనల్లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ తరఫున గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి ఆ ప్రయాణాన్ని ముగించాడు. అది ఒక రోజు దెబ్బ, జట్టు బాగానే ఉంది. కానీ 2011 వేలానికి ముందు ఢిల్లీ అట్టిపెట్టుకున్నది ఒక్క సెహ్వాగ్‌నే. గంభీర్ కోల్‌కతా వెళ్ళి 2012లో, 2014లో ఆ జట్టుకు కెప్టెన్‌గా రెండు కప్పులు తెచ్చిపెట్టాడు. డివిలియర్స్ బెంగళూరు వెళ్ళి దశాబ్దం పాటు ఆ జట్టుకు ప్రాణమయ్యాడు. వాళ్ళను వదిలిన ఢిల్లీ ఆ ఏడు పది జట్లలో పదోది. 2014 వేలానికి ముందు ఇంకో అడుగు ముందుకేసి ఒక్క ఆటగాణ్ణి కూడా అట్టిపెట్టుకోలేదు. దాదాపు పూర్తిగా కొత్త జట్టు, కొత్త కెప్టెన్ పీటర్సన్. ఫలితం రెండు విజయాలు. 2015లో యువరాజ్ సింగ్‌కు 16 కోట్లు పెట్టింది, సీజన్ ముగియగానే అతన్నీ వదిలేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. 2011లో అట్టడుగున ఉన్న జట్టే 2012లో పదకొండు మ్యాచ్‌లు గెలిచి పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది కదా, కొత్తవాళ్ళను తేవడం వల్లనే కదా అని. నిజమే, పీటర్సన్, జయవర్ధనే, రాస్ టేలర్ ఆ ఏడే వచ్చారు. కానీ కింద పునాదిగా ఉన్న సెహ్వాగ్, మోర్నీ మోర్కెల్, ఇర్ఫాన్ పఠాన్ అంతకు ముందు ఏడాది నుంచీ ఉన్నవాళ్ళే. మోర్కెల్ ఆ సీజన్లో 25 వికెట్లు తీసి అందరికన్నా ముందున్నాడు. ఆ తర్వాత జరిగిందే ఢిల్లీ అభిమానులు ఇప్పటికీ మరచిపోలేనిది. చెన్నైతో రెండో క్వాలిఫయర్‌కు ఆ మోర్కెల్‌నే పక్కన పెట్టారు. మురళీ విజయ్ 113 పరుగులు చేశాడు, చెన్నై స్కోరు 222, ఢిల్లీ 86 పరుగుల తేడాతో ఓడింది. సీజన్ పొడుగునా పనిచేసిన కూర్పును అసలైన రోజున మార్చిన ఫలితం అది. కాబట్టి 2012 ఈ వాదాన్ని కొట్టెయ్యదు, బలపరుస్తుంది.

దీనికి ఎదురు నిదర్శనం 2018 నుంచి 2021 వరకు ఉంది. 2018లో రికీ పాంటింగ్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడు ఢిల్లీ మళ్ళీ ఆఖరిదే. ఆరు మ్యాచ్‌ల తర్వాత గంభీర్ కెప్టెన్సీ వదులుకున్నాడు, ఇరవై మూడేళ్ళ శ్రేయస్ అయ్యర్ చేతికి పగ్గాలు వచ్చాయి. అదే సంవత్సరం జేఎస్‌డబ్ల్యూ సంస్థ 550 కోట్లకు సగం వాటా కొంది. పాత అలవాటు ప్రకారమైతే కోచ్‌ను మార్చాలి, కెప్టెన్‌ను మార్చాలి. ఈసారి అలా చెయ్యలేదు. పాంటింగ్ ఉన్నాడు, అయ్యర్ ఉన్నాడు. 2018లో 684 పరుగులు చేసిన రిషభ్ పంత్, కుర్రాడు పృథ్వీ షా ఉన్నారు. వాళ్ళ చుట్టూ ధావన్‌ను, అక్షర్ పటేల్‌ను, తర్వాత అశ్విన్‌ను, నోర్కియాను చేర్చారు. 2019లో మూడో స్థానం, 2020లో ఫైనల్, 2021లో లీగ్ దశలో అగ్రస్థానం. కప్పు రాలేదు, నిజమే. కానీ వరసగా మూడేళ్ళు ప్లేఆఫ్ చేరడం ఢిల్లీకి అదే మొదలు. అట్టడుగున ఉన్నప్పుడు ఓపిక పట్టినందుకు దక్కిన ఫలం అది.

2022 మెగా వేలానికి ముందు నలుగురినే అట్టిపెట్టుకోవచ్చన్న నిబంధన వచ్చింది. పంత్, అక్షర్, షా, నోర్కియా మిగిలారు. అయ్యర్, ధావన్, రబాడ, అశ్విన్, 2021లో 24 వికెట్లు తీసిన ఆవేశ్ ఖాన్ వెళ్ళిపోయారు. ఆ అయ్యరే 2024లో కోల్‌కతాకు కప్పు గెలిపించి, 2025లో పంజాబ్‌ను ఫైనల్‌కు తీసుకువెళ్ళాడు. ఢిల్లీ 2022లో అయిదో స్థానంలో, 2023లో తొమ్మిదో స్థానంలో ఆగింది. 2022 డిసెంబరులో పంత్ కారు ప్రమాదంలో గాయపడి 2023 సీజన్‌కు దూరం కావడం ఎవరూ ఊహించని కష్టం. దానికి ఎవరినీ తప్పు పట్టలేం. కానీ బలమైన పునాది ఉన్న ఇంటికి ఒక స్తంభం కూలితే ఇల్లు నిలబడుతుంది. పునాదినే తవ్వుకున్నాక ఏ దెబ్బనూ తట్టుకోలేదు.

2025: నాలుగు గెలిచి, గుమ్మం దగ్గర ఆగి

2025 సీజన్ ఈ కథకు అద్దం పట్టింది. పంత్ లక్నోకు వెళ్ళిపోయాడు. అక్షర్ కెప్టెన్ అయ్యాడు. హేమంగ్ బదానీ కోచ్, మన విశాఖపట్నం మనిషి వై. వేణుగోపాలరావు క్రికెట్ డైరెక్టర్. విశాఖలో లక్నో మీద 210 పరుగుల ఛేదనలో అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 కొట్టి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. మార్చి 30న అదే మైదానంలో మిచెల్ స్టార్క్ అయిదు వికెట్లు తీసి సన్‌రైజర్స్‌ను 163కే కట్టేశాడు. తర్వాత చెన్నైలో చెన్నై మీద, బెంగళూరులో బెంగళూరు మీద గెలిచారు. మొదటి నాలుగూ గెలిచారు, ఎనిమిది మ్యాచ్‌లు ముగిసేసరికి ఆరు గెలిచారు. మిగిలిన ఆరింటిలో గెలిచింది ఒక్కటి. ఒకటి వానకు కొట్టుకుపోయింది, నాలుగు ఓడారు. చివరికి అయిదో స్థానం. మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచి కూడా ప్లేఆఫ్ చేరలేని తొలి జట్టు ఐపీఎల్‌లో అదే అయింది.

ఆ సీజన్లో బ్యాటింగ్ వరసను చూడండి. ఫ్రేజర్-మెక్‌గర్క్, డుప్లెసిస్, కె.ఎల్. రాహుల్, అభిషేక్ పోరెల్, కరుణ్ నాయర్. అయిదుగురు ఓపెనర్లుగా దిగారు. జోడీ పదే పదే మారింది. 9 కోట్లకు తిరిగి తెచ్చుకున్న ఫ్రేజర్-మెక్‌గర్క్ ఆరు మ్యాచ్‌లలో 55 పరుగులే చేశాడు. డుప్లెసిస్ గాయపడ్డాడు. 6 కోట్ల 25 లక్షలకు కొన్న హ్యారీ బ్రూక్ సీజన్‌కు ముందే తప్పుకున్నాడు. ఇవన్నీ యాజమాన్యం చేతిలో ఉన్నవి కావు. కానీ సీజన్లో 539 పరుగులు చేసిన రాహుల్‌నే ఒకసారి ఓపెనర్‌గా, ఇంకోసారి నాలుగో స్థానంలో ఆడించడం చేతిలో ఉన్న సంగతే. అతను ఎక్కడ నిలిస్తే మిగతా వరస అక్కణ్ణించి కుదురుకునేది. ఆ స్థానమే చివరిదాకా తేలలేదు. ఓపెనర్ కుదరకపోతే మూడో స్థానంవాడు రెండో ఓవర్లోనే దిగాలి, మధ్యలో ఆడవలసినవాడు కొత్త బంతి ఆడాలి, చివర్లో కొట్టవలసిన స్టబ్స్, అశుతోష్ ఇన్నింగ్స్ కట్టుకోవాలి. పైన ఒక్క చోట చెదిరితే కింద ప్రతి ఒక్కరూ తమది కాని పని చెయ్యవలసి వస్తుంది.

బౌలింగ్ గాయం ఇంకా లోతు. మే 18న ఢిల్లీలో రాహుల్ అజేయంగా 112 కొడితే జట్టు 199 చేసింది. గుజరాత్ ఒక్క వికెట్ కూడా పోగొట్టుకోకుండా, ఒక ఓవరు మిగిలుండగానే 205 కొట్టేసింది. సాయి సుదర్శన్ 108, శుభ్‌మన్ గిల్ 93. పందొమ్మిది ఓవర్లలో ఆరుగురు బౌలర్లు వేసినా ఒక్క వికెట్ కూడా రాలేదు. టోర్నీ మధ్యలో వారం ఆగిపోయాక స్టార్క్ తిరిగి రాలేదు, అది నిజం. కానీ 10 కోట్ల 75 లక్షలకు కొన్న నటరాజన్ సీజన్ మొత్తంలో ఆడింది రెండే మ్యాచ్‌లు. ఆట మరచిపోయేంత కాలం కూర్చున్న బౌలరును అవసరమైన రోజున తెచ్చి నిలబెడితే ఏం జరుగుతుందో ఆ రాత్రి జరిగింది. ఇదే ఢిల్లీకి 2020లో రబాడ 30 వికెట్లు, నోర్కియా 22 వికెట్లు తీశారు. ఇద్దరూ కలిసి సీజన్ పొడుగునా వెయ్యడమే అందుకు కారణం. ఒక వైపు రబాడ బిగిస్తే బ్యాటరు రెండో వైపు తెగించేవాడు, అక్కడ నోర్కియా కాచుకుని ఉండేవాడు. ఒక బౌలరు వికెట్లలో సగం అవతలి బౌలరు సంపాదించిపెట్టినవే. ఎవరి జంట ఎవరో తెలియని దాడికి ఆ లాభం దొరకదు.

ఎదురు వాదాలు

ఈ మాటకు బలమైన జవాబులు ఉన్నాయి. మొదటిది, పరుగుల వరద ఇప్పుడు అందరి మీదా పడుతోంది, ఢిల్లీ బౌలర్లనే ఎందుకు నిందించాలి అన్నది. 2024లో విశాఖలో కోల్‌కతా ఢిల్లీ మీద 272 కొట్టింది. అదే ఏడు ఢిల్లీలో సన్‌రైజర్స్ పవర్‌ప్లేలోనే వికెట్ పడకుండా 125, మొత్తం 266 చేసింది. ఇంపాక్ట్ ప్లేయర్ వల్ల ప్రతి జట్టుకూ ఒక బ్యాటరు అదనంగా దొరికాడు, ఢిల్లీ మైదానం బౌండరీలు చిన్నవి. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కానీ వరద అందరికీ వచ్చినప్పుడే గట్టు గట్టిగా ఉన్నవాడు గెలుస్తాడు. 2025లో బెంగళూరు పదిహేడేళ్ళ నిరీక్షణకు ముగింపు పలికింది హేజిల్‌వుడ్, భువనేశ్వర్, కృనాల్ పాండ్య లాంటివాళ్ళతో బౌలింగ్‌ను కుదురుగా నిలిపాకే. కోహ్లీ అక్కడ మొదటి నుంచీ ఉన్నాడు. ఒక్క మనిషి నిలిచినంత మాత్రాన జట్టు నిలిచినట్టు కాదని ఆ పదిహేడేళ్ళూ, రెండు వైపులా కుదిరితే ఏమవుతుందో ఆ పద్దెనిమిదో ఏడూ చెప్పాయి.

రెండో వాదం, మెగా వేలాలు అన్ని జట్లనూ చెదరగొడతాయి, ఢిల్లీ ఒక్కదాన్ని అనడం న్యాయమా అన్నది. నిబంధనలు అందరికీ ఒకటే. ఆ నిబంధనల్లోనే చెన్నై ధోనీ, జడేజాలను, ముంబయి రోహిత్, బుమ్రాలను ఏళ్ళ తరబడి కాపాడుకుని అయిదేసి కప్పులు గెలిచాయి. ఎందరిని ఉంచుకోవచ్చో నిబంధన చెబుతుంది. ఎవరిని, ఎందుకు ఉంచుకోవాలో యాజమాన్యమే తేల్చుకోవాలి. మూడోది, మార్పు కూడా మేలు చేస్తుంది కదా అన్నది. పంత్ పోయాడని ఏడ్చారు, లక్నోలో అతను తొలి ఏడు రాణించలేదు, అతని కన్నా తక్కువకు 14 కోట్లకు వచ్చిన రాహుల్ చక్కగా ఆడాడు. ఇది నిజమైన అభ్యంతరం. మనిషిని మార్చడం ఎప్పుడూ తప్పని ఈ వాదం అనడం లేదు. విఫలమవుతున్నవాణ్ణి ఎల్లకాలం మోయమనీ అనడం లేదు. ఎవరు వచ్చినా అతని స్థానం, అతని పని తేల్చి, కొన్ని మ్యాచ్‌ల పాటు ఆ నిర్ణయం మీద నిలబడాలన్నదే అడుగుతున్నది. ఆంధ్ర బ్యాటరు రికీ భుయ్ 2023-24 రంజీ సీజన్లో 902 పరుగులతో దేశంలో అందరికన్నా ముందు నిలిచాడు. 2024లో ఢిల్లీ అతన్ని రెండు మ్యాచ్‌లు ఆడించి పక్కన పెట్టింది. రెండు ఇన్నింగ్స్‌ల్లో ఎవరి సత్తా అయినా ఎలా తేలుతుంది?

నాలుగో వాదం అదృష్టం గురించి. ఇరవై ఓవర్ల ఆటలో ఒక్క క్యాచ్, ఒక్క టాస్ ఫలితాన్ని తిప్పేస్తాయి. పద్నాలుగు మ్యాచ్‌లు చిన్న లెక్క. ఒక సీజన్‌కు ఈ మాట వర్తిస్తుంది. పద్దెనిమిది సీజన్లకు వర్తించదు. ఇన్నేళ్ళలో అదృష్టం అటూ ఇటూ సరితూగి ఉంటుంది, మిగిలేది నిర్వహణే. దీనికి ఢిల్లీ ఇంట్లోనే రుజువుంది. అదే యజమానుల మహిళా జట్టు 2023, 2024, 2025 మూడేళ్ళూ లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచి ఫైనల్ చేరింది. ఆ మూడేళ్ళూ కెప్టెన్ మెగ్ లానింగే, కోచ్ జొనాథన్ బాటీయే. షెఫాలీ వర్మ, జెమీమా రోడ్రిగ్స్, మరిజాన్ కాప్ స్థానాలు తెలిసినవే. ఆ కుదురైన జట్టులోనే 2025లో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి అడుగుపెట్టి, ఆ ఏడాదే భారత జట్టుతో ప్రపంచకప్ గెలిచింది. మూడు ఫైనళ్ళలోనూ ఓడారు కదా అనవచ్చు. ఫైనల్ ఒక్క రోజు ఆట, అక్కడ అదృష్టానికి చోటుంది. మూడుసార్లు అక్కడికి చేరడం మాత్రం అదృష్టంతో అయ్యే పని కాదు.

అడగవలసిన ప్రశ్న

ఈ బాధ క్రికెట్‌కే పరిమితం కాదు. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు బ్యాటింగ్ వరసనూ, బంతి విసిరే పిచర్లనూ తిట్టుకుంటూ తరాలు గడిపారు. షికాగో కబ్స్ జట్టు 1908లో ఛాంపియన్ అయ్యాక మళ్ళీ గెలవడానికి 2016 దాకా ఆగింది, నూట ఎనిమిదేళ్ళు. 2011 చివర్లో థియో ఎప్‌స్టీన్ ఆ జట్టు పగ్గాలు చేపట్టి, ఇప్పటికిప్పుడు గెలవం, కుర్రాళ్ళతో కొత్తగా కడతాం అన్న దారి ఎంచుకున్నాడు. 2012లో 162 మ్యాచ్‌లలో 101 ఓడారు. మైదానంలో జట్టును నడిపే మేనేజర్లు మధ్యలో మారారు గానీ ప్రణాళిక మారలేదు. 2012లో వచ్చిన రిజో, 2013లో ఎంపికైన బ్రయాంట్, వేరే జట్టు నుంచి కుర్రాడిగా తెచ్చుకున్న పిచర్ హెండ్రిక్స్ 2016 నాటికి ఆ జట్టుకు వెన్నెముక అయ్యారు. నూటొక్క ఓటములను అక్కడి అభిమానులు భరించగలిగారంటే కారణం ఒకటే. జట్టు ఎటు పోతోందో వాళ్ళకు తెలుసు. గమ్యం తెలిసిన ప్రయాణంలో ఓటమి బాధే పెడుతుంది. గమ్యం తెలియనప్పుడే అది విసుగు పుట్టిస్తుంది.

ఢిల్లీ అభిమానికి కరువైనది సరిగ్గా ఆ తెలియడమే. జీఎంఆర్, జేఎస్‌డబ్ల్యూ సంస్థలు పురుషుల జట్టు, మహిళల జట్టు నిర్వహణను రెండేసి సంవత్సరాలు వంతులవారీగా చూసుకునే ఏర్పాటు చేసుకున్నాయి. దాని ప్రకారం 2025, 2026లలో పురుషుల జట్టు జీఎంఆర్ చేతిలోకి వచ్చింది. 2025 నుంచి పాంటింగ్ స్థానంలో బదానీ, గంగూలీ స్థానంలో వేణుగోపాలరావు వచ్చారు. ఇద్దరు భాగస్వాములు సర్దుకునేందుకు ఈ పద్ధతి సులువే కావచ్చు. కానీ ఒక జట్టు కుదురుకోవడానికి మూడేళ్ళు పట్టిందని ఢిల్లీ సొంత చరిత్రే చెబుతోంది. వంతు మారినప్పుడల్లా కోచ్, డైరెక్టర్, ఆలోచన అన్నీ మారిపోతే ఆ మూడేళ్ళు ఎప్పటికి దొరుకుతాయి? వంతులు ఎలా ఉన్నా ఆట సంగతి చూసే బృందాన్ని వాటికి అతీతంగా ఉంచవచ్చు. ఆ పని యజమానులు తలుచుకుంటే రేపే చెయ్యగలరు, వేలంలో కోట్లు కుమ్మరించవలసిన అవసరం కూడా లేదు.

ఢిల్లీలో టికెట్ కొననివాళ్ళకు, ఎక్కడో రాజాంలో కూర్చుని ఇవన్నీ అడిగే హక్కుందా అంటే, తప్పకుండా ఉంది. ఐపీఎల్‌కు డబ్బు వచ్చేదే టీవీలు, ఫోన్ల ముందు కూర్చునే కోట్లమంది కళ్ళ వల్ల. విశాఖ మైదానం నిండేది ఈ చుట్టుపక్కల జిల్లాల జనంతో. 2025లో ఢిల్లీ తన సొంత మైదానంలో ఆడిన అయిదు మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే, అదీ రాజస్థాన్ మీద సూపర్ ఓవర్లో. విశాఖలో ఆడిన రెండూ గెలిచింది. అందుకే మన కోపానికి విలువ ఉంది, దాన్ని సరైన చోట ఖర్చు పెట్టాలి. ఓడిన మర్నాడు ఎవరిని పీకేస్తారని అడిగితే యాజమాన్యానికి పని సులువవుతుంది. ఇద్దరిని మార్చి మన నోరు మూయించవచ్చు, మళ్ళీ అదే చక్రం తిరుగుతుంది. అడగవలసినవి వేరు. రెండేళ్ళ తర్వాత ఈ జట్టుకు ఓపెనర్లు ఎవరు? చివరి ఓవర్లు వేసే జంట ఏది? ఎవరి చుట్టూ కడుతున్నారు, అతను పది మ్యాచ్‌లు విఫలమైతే ఏం చేస్తారు? వంతు మారినా కోచ్ ఉంటాడా? ఈ ప్రశ్నలకు తేలిగ్గా నోటితో జవాబు చెప్పలేరు, జట్టును నిలిపి చూపించాలి. 2018లో ఆఖరి స్థానంలో ఉన్నప్పుడు ఆ పని చేసి చూపించారు కూడా. కాబట్టి ఓపిక అభిమాని ఒక్కడే పట్టవలసినది కాదు. ముందు యజమానులు పట్టాలి, ఆ తర్వాత మన దగ్గర అడగాలి. అప్పుడు రాజాం అభిమానులు ఓటమిని కూడా నిబ్బరంగా మోస్తారు.